తోటనేలకు పచ్చకోక



నేటి ప్రసంగమున ఫలవృక్షముల క్రింది నేలను గూర్చి నాలుగు మాటలు మనవి చేసికొందును. తోటను గూర్చి తలపోయునపుడు మన చూపు సహజముగా పైకి పోవును. గెలకు కాయలెన్ని నిలిచినవి? మొవ్వు ఎట్లున్నది? ఆకు ఏల మసిబారినది? అని తలయెత్తి చూతుము. తల వంచి, ఆ చెట్టునకు అన్నము పెట్టు నేల ఏ స్థితిలో నున్నదో చూచువారు అరుదు. చూచినను, అచట పచ్చని మొలక కనబడినచో పారకు పని చెప్పువారే యెక్కువ. ఆ పచ్చదనమును పెరికివేయవలెనా, పెంచవలెనా? పెంచినచో దేనిని, ఎప్పుడు, ఎంతవరకు పెంచవలెను? ఇదియే నేటి విచారణ. రసాయనపు టెరువులు మాని సేంద్రియపద్ధతిని తోట సాకదలచిన వారికి ఈ విచారణ తప్పనిసరి. వారికి సంచిలో వచ్చు నత్రజని లేదు గనుక దానిని నేలలోనే పండించుకొనవలెను.

మన కోనసీమ మూడు నదీశాఖల బిడ్డ. ఒక ప్రక్క గౌతమి, మరియొక ప్రక్క వసిష్ఠ, నడుమ వైనతేయ. కొత్తపేట, అమలాపురము, రాజోలు అను పాత తాలూకాలు ఈ పాయల నడుమనే యున్నవి. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన ఈ సీమ ప్రత్యేకముగా జిల్లా యయ్యెను. 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్ట సిద్ధమై, కాలువనీరు వచ్చిన పిమ్మట పల్లము వరికిని, మెరక కొబ్బరికిని నిలయములైనవి. చేలగట్లమీద సైతము కొబ్బరిచెట్లు వరుసదీరినవి. కావ్యపాకములను చెప్పునపుడు మన ఆలంకారికులు ద్రాక్షను, కదళిని, నారికేళమును పేర్కొందురు. అందు రెండింటిని ఒకే తోటలో పెంచి చూపు సీమ యిది.

ఇట్టి సీమలో ‘శుభ్రమైన తోట’ యను నొక మాట కలదు. గొప్పు త్రవ్వి, గడ్డి చెక్కి, కమ్మలు ఏరి కాల్చి, వాకిలి ఊడ్చినట్లుగా నేలను నున్నగా నుంచిన రైతును ఊరందరు మెచ్చుకొందురు. నేల కనబడకుండ తీగలు ప్రాకిన తోటను చూచి, యజమాని పట్టణవాసియో, బద్ధకస్థుడో యని యనుకొందురు. ఈ యభిప్రాయము ఎంతవరకు సత్యమో పరిశీలింపవలసి యున్నది.

కప్పు లేని నేలకు కలుగు నష్టములను వరుసగా చెప్పుదును. మొదటిది ఎండ. వైశాఖ జ్యేష్ఠములయందు కప్పు లేని ఇసుకనేలపై పాదము మోపజాలము. మనకు కాలు పెట్టుటకు సాధ్యము కాని చోట వానపాములు, సూక్ష్మజీవులు ఎట్లు బ్రదుకగలవు? అవి క్రిందికి దిగిపోవును, లేదా నశించును. నేలలో నలుపుదనము నిచ్చు జీవాంశము ఎండకును, మాటిమాటి దున్నకమునకును త్వరగా హరించిపోవును. రెండవది వాన. తొలకరి చినుకు నేరుగా మట్టిపై బడినపుడు మట్టిరేణువులు చెదరి, సందులు మూసికొని, పైన పెచ్చు కట్టును. ఆ పిదప పడిన నీరు ఇంకక, పైమట్టిని గూడ తీసికొని బోదెలోనికి, అచటినుండి మురుగుకాలువలోనికి పోవును. మూడవది ఉప్పు. ఇది మన సముద్రతీరపు గ్రామములకు మిక్కిలి ముఖ్యము. సఖినేటిపల్లి, మలికిపురము ప్రాంతములందు భూమిలోని నీరు పలుచోట్ల ఉప్పదనము గలది. ఎండ నేలను కాచుచున్నకొలది, దీపపువత్తి నూనెను పైకి లాగినట్లు, మట్టి ఆ ఉప్పునీటిని పైకి లాగును. నీరు ఆవిరియై పోవును. ఉప్పు పైన నిలిచిపోవును. కప్పు గల నేలలో ఈ లాగుట చాలవరకు తగ్గును.

నాలుగవది వేళ్లకు తగులు గాయము. కొబ్బరికి తల్లివేరు లేదు. బోదె అడుగునుండి బయలుదేరు వేళ్లు నాలుగువేలు మొదలుకొని ఏడువేలవరకు ఉండును. అవి ఇంచుమించు ఒకే లావున నుండును. వేరుపై నూగు లేదు. కొనయందలి లేత భాగమే నీటిని పీల్చును. ఎదిగిన చెట్టునకు ఈ వేళ్లలో మూడువంతులకు సమీపించునవి కాండమునకు రెండు మీటర్ల లోపల, ఒక అడుగు లోతు మొదలుకొని నాలుగడుగుల లోతువరకు వ్యాపించియుండునని కాసరగోడు పరిశోధకులు త్రవ్వి చూచి తేల్చిరి. ఆ కేంద్రము 1916లో కొబ్బరికొరకు స్థాపింపబడినది. ట్రాక్టరునకు కట్టిన రోటవేటరు పాదువరకు వచ్చినపుడు తెగునవి ఈ వేళ్లే. తెగిన వేరు వ్యాధికి తెరచిన తలుపు. గానోడెర్మా అను శిలీంధ్రము వేళ్లగుండా ప్రవేశించి చెట్టును మొదటనుండి కుళ్లించును. ముదిరిన పిమ్మట చెట్టు దక్కదు. తెగులు సోకిన చెట్టు దగ్గరనుండి దున్నుకొనుచు, నీరు పారించుకొనుచు పోయినచో వ్యాధిని మనమే ఇరుగుపొరుగు చెట్లకు పంచిపెట్టినట్లగును.

ఈ వేళ్ల వృత్తాంతమునందే మనకు కావలసిన ఉపాయము కూడ కలదు. కొబ్బరిని ఇరువదియైదడుగుల ఎడముతో నాటినచో ఎకరమునకు సుమారు డెబ్బది చెట్లు పట్టును. ప్రతి చెట్టును తన చుట్టును ఆరేడడుగుల మేర వేళ్లతో నింపును. తక్కిన నేల, అనగా ఎకరములో సగమునకు మించిన భాగము, చెట్టునకు అంతగా ఉపయోగపడక ఖాళీగా నుండును. పై అడుగు మట్టిలోను కొబ్బరి చురుకువేళ్లు తక్కువ. కావున పైపొరలో పెరుగు చిన్న మొక్కకును, క్రిందిపొరలో జీవించు చెట్టునకును వ్యాజ్యము స్వల్పము. ఒకే ఇంటి మేడమీద నొకరు, క్రింద నొకరు కాపురమున్నట్లే.

పచ్చని పంటను నేలలో కలుపుట పాశ్చాత్యులు నేర్పిన విద్య యని కొందరు భ్రమపడుదురు. క్రీస్తుశకము ఆరవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమును గూర్చి యొక అధ్యాయము రచించెను. అందు చెట్లకు మెత్తని నేల హితమనియు, తోట వేయుటకు ముందుగా ఆ నేలలో నువ్వులు చల్లి, అవి పుష్పించినపుడు అచటనే నలిపి కలుపవలెననియు, భూమికి చేయదగిన మొదటి పని యిదియే యనియు చెప్పెను. పూత సమయమునే కలుపుమనుటలో గల సూక్ష్మమును గమనింపుడు. అప్పటికి మొక్క తాను సంపాదింపదగినదంతయు సంపాదించి, ఇంకను గింజకు పంచిపెట్టకుండ ఆకులలోను కాడలలోను దాచుకొనియుండును. కాడ ముదురదు, త్వరగా కుళ్లును. ఇప్పటి శాస్త్రజ్ఞులును పచ్చిరొట్టను పూతలోనే కలుపుమందురు. మన గోదావరి, కృష్ణా మండలముల రైతులు వరి కోసిన పిమ్మట చేలలో పిల్లిపెసర చల్లి, పశువులకు మేతగాను, నేలకు ఎరువుగాను వాడుట తాతలనాటి యాచారము. చేనికి చేసిన యీ ఉపచారము తోటకును చేయుమనుటయే నా మనవి.

అయినను పచ్చనిదంతయు హితమే యని చెప్పుట శాస్త్రము కాదు. ఇంగ్లండులోని వోబర్న్ అనుచోట 1894లో నెలకొల్పిన పండ్లతోటలో, ఆపిలుచెట్ల క్రింద పచ్చిక పెంచగా చెట్లు క్రుంగిపోయెను. మన దేశమున బీహారులోని పూసా పరిశోధనశాలలో 1905 మొదలు 1924 వరకు పనిచేసిన ఆల్బర్ట్ హోవార్డు మామిడి, జామ, లిచ్చి, నిమ్మ, సీతాఫలము మొదలగు ఎనిమిది జాతుల చెట్లపై ఈ విషయమునే పరీక్షించెను. లేతచెట్ల క్రింద గడ్డి పట్టనిచ్చినపుడు అవి మిక్కిలి బాధపడినవి. కొన్ని చచ్చినవి. గడ్డి నడుమ చాళ్లు త్రవ్వి వేళ్లకు గాలి తగులనిచ్చిన చోట చెట్లు తేరుకొన్నవి. ఎదిగి లోతుగా వేరూనిన చెట్లు లేతవాటికన్న బాగుగా తట్టుకొన్నవి. సేంద్రియ వ్యవసాయమునకు ఆద్యులలో నొకడని పేరుగాంచిన ఆ పండితుడే 1940లో ప్రకటించిన తన గ్రంథమున ఈ ఫలితములను వివరించెను.

ఈ పరీక్షలనుండి మనము గ్రహింపదగిన నియమములు మూడు. ఒకటి: దట్టముగా చాపవలె అల్లుకొను గడ్డిజాతి వేరు, చిక్కుడుజాతి వేరు. గడ్డి నత్రజనిని తీసికొనును; చిక్కుడుజాతి కొంత సంపాదించి తెచ్చును. తుంగ, గరిక పట్టిన తోటను చూపి ‘మాకును పచ్చకోక యున్నది’ యనుట తగదు. రెండు: పసిమొక్కకు కప్పు దూరముగా నుండవలెను. మూడు: వేళ్లకు నీరెంత ముఖ్యమో గాలియు నంతే ముఖ్యము. మురుగు పోని నేలలో ఏ కప్పు వేసినను ఫలము లేదు. మొదట మురుగుబోదె త్రవ్వి, పిమ్మట విత్తనము చల్లవలెను.

చిక్కుడుజాతి మొక్కలు సంపాదించి తెచ్చు నత్రజని యెక్కడిది? మనము పీల్చు గాలిలో అయిదింట నాలుగువంతులు నత్రజనియే. కాని ఏ మొక్కయు దానిని నేరుగా భుజింపజాలదు. పాలసముద్రము నడుమ నుండి దాహముతో నల్లాడువాని చందము. 1888 ప్రాంతమున జర్మనీదేశీయులైన హెల్‌రీగెల్, విల్ఫార్తు అను నిరువురు ఈ రహస్యమును ఛేదించిరి. చిక్కుడుజాతి మొక్కల వేళ్లపై చిన్నచిన్న బుడిపెలు కలవు. వాటిలో కాపురముండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించును. మొక్క వానికి చక్కెరనిచ్చి పోషించును. ఈ సంగతిని పిల్లలకు పుస్తకములోకన్న చేలో చూపుట మేలు. పిల్లిపెసర మొక్కను మట్టితోసహా మెల్లగా పెల్లగించి, నీటిలో జాడించి, బుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల గులాబిరంగుగాని ఎరుపుగాని కనబడినచో అచట పని జరుగుచున్నదని యర్థము. తెల్లగానో, బూడిదరంగుగానో యున్నచో ఆ బుడిపె ఇంకను పనికి రాలేదు, లేదా పని చాలించినది. ఇందుకు ప్రయోగశాల యక్కరలేదు. చెంబెడు నీరు చాలును.

ఇక ఏ నేలకు ఏ మొక్క? లంకల ఇసుకపాటి నేలలకు అలసంద, జనుము తగును. మరింత నిస్సారమైన ఇసుకకు ఉలవ తగును. నల్లని బంకనేలకు పిల్లిపెసర మంచిది. వాననీరు నిలుచుచోట, ఉప్పు తగిలినచోట జీలుగ నిలుచును. నీటిలో కాళ్లు నానుచున్నను అది పెరుగును. ఇవన్నియు ఏటేట విత్తవలసినవి. చిరకాలముండు తీగజాతులలో ప్యూరేరియా, కలపగోనియము, సెంట్రోసీమా అనునవి కొబ్బరి, రబ్బరు తోటలలో పలుదేశములవారు వాడినవి. వీనిలో కలపగోనియము నూగుతో నుండుటచే పశువులు అంతగా ముట్టవు, దాని గింజ రాలి మరల మొలచును. ప్యూరేరియాను పశువులు ఇష్టముగా తినును. దాని గింజకు పైతోలు గట్టి గనుక వేడినీటిలో నానవేసి చల్లవలెను.

తోట వయస్సును బట్టియు నిర్ణయము మారును. కొబ్బరి నాటిన మొదటి ఏడెనిమిదేండ్లు నేలపై ఎండ పుష్కలముగా పడును. ఎనిమిదవ యేడు మొదలు ఇరువదియైదవ యేటివరకు ఆకులు క్రిందుగా దట్టముగా నుండి నీడ చిక్కనగును. అప్పుడు పై విత్తనములు చల్లినను సన్నగా సాగి చచ్చును. ఆ దశలో నీడకోర్చు కంద, పసుపు వంటివి, లేదా కోకో వేసి, కోకో రాల్చు ఆకునే కప్పుగా నుంచుట మేలు. ఇరువదియైదేండ్లు దాటి చెట్టు ఎత్తు సాగినపుడు ఎండ మరల నేలకు దిగును. ఇచట మన సీమకొక ముఖ్యమైన లెక్క కలదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను దాటిన తుపానును మరచినవారు లేరు. వేయిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. తోటలకు తోటలు నేలగూలినవి. ఆ పిమ్మట నాటిన మొక్కలు నేడు ముప్పదియేండ్ల చెట్లు కావచ్చినవి. అనగా ఆ తోటలలో ఎండ మరల నేలకు దిగు కాలము వచ్చినది. ఆ వెలుగును మనము విత్తినది పొందునా, తుంగయు గరికయు పొందునా యనునది ఇప్పుడు తేలవలసిన విషయము.

చేయు విధానము సులభము. తొలకరి జల్లు పడగానే పాదులోని మట్టిని, వేళ్లు తెగనంత పైపైన, చేతిపారతో కదపవలెను. కాండమునుండి ఒక గజము దూరము విడిచి, ఆరడుగుల వ్యాసార్ధముగల పాదులో సుమారు నూరు గ్రాముల అలసంద విత్తనము చల్లవలెను. నలుబదియైదు మొదలు అరువది దినములలో సగము మొక్కలు పూత పట్టును. అప్పుడు కోసి పాదులోనే పరచి, పలుచగా మట్టి కప్పవలెను. బాగుగా పెరిగినచో ఒక్కొక్క పాదులో ఇరువది కిలోల పచ్చిరొట్ట వచ్చును. అందు నూరు గ్రాములకు పైబడిన నత్రజని యుండును. కాపునకు వచ్చిన చెట్టునకు ఏటా అర కిలో నత్రజని యవసరమని పరిశోధకుల సిఫారసు. అందు నాలుగవవంతునకు దగ్గరగా ఒక గుప్పెడు గింజలు తెచ్చి పెట్టుచున్నవన్నమాట. తక్కినది పశువుల యెరువు, వేపపిండి, చెట్టు తానే రాల్చిన ఆకు పూరింపవలెను. చెట్ల వరుసల నడుమనున్న నేలలో జనుమో, పిల్లిపెసరయో, తీగజాతియో చల్లుకొనవచ్చును.

ఒక హెచ్చరిక. కొబ్బరి నత్రజనికన్న పొటాషును మిక్కుటముగా కోరు చెట్టు. ఏటా పన్నెండువందల గ్రాములవరకు పొటాషు ఇమ్మని సిఫారసు. చిక్కుడుజాతి మొక్క నత్రజనిని గాలినుండి తెచ్చునుగాని పొటాషును తేలేదు. నేలలో నున్నదానినే పైకి తీసి మరల క్రిందికి ఇచ్చును. కాయతోబాటు మనము తోటనుండి బయటకు పంపు పొటాషులో పెద్దభాగము డొక్కలోనే యున్నది. డొక్కలన్నియు పీచుమిల్లులకు అమ్మి, కమ్మలు పొయ్యిలో పెట్టి, బూడిద వీధిలో పోసి, నేల బలము తగ్గినదని విలపించుట న్యాయము కాదు. కొన్ని డొక్కలనైనను వరుసల నడుమ గోతులలో, లోతట్టు పైకి వచ్చునట్లు పేర్చి పూడ్చినచో అవి పొటాషును తిరిగి యిచ్చుటయేగాక, వాననీటిని పీల్చి వేసవివరకు దాచియుంచును. పచ్చకోకకు ఇది కొంగువంటిది.

ఇక రైతుసోదరుల యాక్షేపణలను విచారింతము. ‘వేసవిలో కాలువలు కట్టివేసిన దినములందు చెట్టునకే నీరు లేదు, ఈ తీగలకు గూడ ఎక్కడనుండి తెత్తుము?’ అని యందురు. ఇది సత్యమైన ప్రశ్న. బ్రతికియున్న ప్రతి ఆకును నీటిని ఖర్చుచేయును. దీనికి సమాధానము కాలమును పాటించుట. వానలలో కప్పు బ్రతికియుండవలెను. ఎండలలో కోసి పరచిన కప్పుగా నుండవలెను. సంక్రాంతి దాటి, శివరాత్రి సమీపించునప్పటికి తీగలను కోసి పాదులలో పరచినచో, అది నీరు త్రాగు మొక్కగా గాక నీటిని కాచు మూతగా మారును. బోరునీటితో బిందుసేద్యము గల తోటలలో ఈ తొందర లేదు. ఈ నియమము పాటింపక, మే నెలవరకు పచ్చగా నుంచి, కాయ సన్నబడినదని కప్పును నిందించువారు గలరు.

‘పాములు చేరును, దింపువారు తోటలోనికి రామందురు’ అనునది రెండవ యాక్షేపణ. ఇది హాస్యముగా త్రోసివేయదగినది కాదు. దింపు తీయువాని ప్రాణము మన కాయకన్న విలువైనది. అందుచేతనే కాండముచుట్టును గజము మేర నేల తెరపిగా నుంచుమంటిని. వరుస నడుమ మూడడుగుల బాట యుంచవలెను. దింపునకు నాలుగు దినములు ముందుగా ఎత్తు పెరిగిన రొట్టను కోసివేయవలెను. రాలిన కాయ కనబడుటకును ఇది యనుకూలము. పందికొక్కు కన్నములు గూడ బాట వెంట నడచువానికి తెలియును.

‘తీగ చెట్టెక్కును’ అనునది మూడవది. ఇదియు నిజమే. ప్యూరేరియాకు దాయాదియైన కుడ్జు అను తీగను అమెరికా దేశమున 1930వ దశాబ్దమునుండి నేలకోత నాపుటకై ప్రభుత్వమే ప్రోత్సహించి నాటించెను. పిమ్మట అది అడవులను, ఇండ్లను కప్పివేసి కలుపుమొక్కగా ప్రకటింపబడెను. కావున తీగజాతి వేసినవారు నెలకొకమారు తోట తిరిగి, కాండముమీదికి ప్రాకినవానిని క్రిందికి లాగవలెను. అంత తీరిక లేనివారు ఏడాది పంటలైన అలసంద, పిల్లిపెసరలతోనే తృప్తిపడుట మేలు. నేర్చి పెంచిన తీగకు వేరొక గుణమును గలదు. మలేషియాలోని ఆయిల్‌పాము తోటలలో పాతచెట్లను కూల్చి క్రొత్తవి నాటునపుడు, పడియున్న మ్రానులను తీగ త్వరగా కప్పివేసినచోట కొమ్ముపురుగు వానిలో గ్రుడ్లు పెట్టుట తగ్గినదని తెలిసికొనిరి. మన కొబ్బరిమొవ్వును కొరుకు కొమ్ముపురుగు అదియే.

పురుగుల ప్రసక్తి వచ్చినది గనుక తెల్లదోమను గూర్చి యొక మాట. సర్పిలాకారముగా గ్రుడ్లు పెట్టు ఈ తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచి ప్రాంతమున మన దేశమున మొదటిసారి కనబడి, అనతికాలములోనే కోనసీమకు ప్రాకెను. ఆకులపై నల్లని మసి పట్టుట దాని పనియే. విషపు మందులు చల్లినచో దోమతోబాటు దానిని చంపు చిన్న పరాన్నజీవులు గూడ చచ్చును గనుక, రసాయనముల జోలికి పోవలదని పరిశోధకులు హెచ్చరించిరి. 1955లో స్థాపితమైన అంబాజీపేట పరిశోధనస్థానము మేలుచేయు పురుగులను, శిలీంధ్రములను పెంచి రైతులకు అందించుటలో పేరుపొందినది. నున్నగా చెక్కిన తోటలో మేలుచేయు పురుగునకు తేనెబొట్టు లేదు, తలదాచుకొన నీడ లేదు. పూచు మొక్క కొంత యున్నచో ఆ మిత్రులు మన తోటను విడిచిపోరు. కప్పువేసినంతనే తెల్లదోమ మాయమగునని చెప్పుట అతిశయోక్తి. మిత్రులకు ఆతిథ్యమిచ్చినట్లగునని చెప్పుట సత్యము.

నాలుగవ యాక్షేపణ అన్నిటికన్న కఠినమైనది. ‘తోట నాది కాదు, కౌలు ఒక్క యేటికి. నేను వేసిన విత్తనముచే నేల బాగుపడునప్పటికి తోట వేరొకని చేతిలో నుండును’ అని కౌలుదారు అనును. అతని మాటలో తప్పు లేదు. నేల బాగగుటకు మూడు నాలుగేండ్లు పట్టును. సేంద్రియమని ధ్రువపత్రము పొందుటకును ఫలవృక్షములకు మూడేండ్ల పరివర్తనకాలము నిర్ణయింపబడినది. ఏడాదికౌలుతో మూడేండ్ల పని యెవడు చేయును? కావున దూరదేశములందుండి తోటలను కౌలునకిచ్చు యజమానులకు నా విన్నపము: విత్తనపు ఖర్చు మీరు భరింపుడు, గడువు మూడేండ్లకు తక్కువ గాకుండ వ్రాయుడు. గడువు చాలనంత కాలము కౌలుదారు కాయను మాత్రమే చూచుకొనును, నేల మిగులదు.

ఇతరులు ఈ మార్గమున నడచుచున్నారా యని యడుగవచ్చును. జపానులోని షికోకు ద్వీపమున మసనోబు ఫుకువోకా నారింజతోటలలో చెట్లక్రింద తెల్లక్లోవరు అను చిక్కుడుజాతి మొక్కను పెంచి, దున్నకయే తోట సాగించెను. 1975లో వెలువడిన ఆయన గ్రంథము ‘గడ్డిపరకతో విప్లవం’ అను పేర తెలుగులోనికిని వచ్చినది. మన రాష్ట్రమున 2016 మొదలు రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయమును ప్రచారము చేయుచు, ఏడాది పొడుగున 365 దినములును నేలపై పచ్చదనము నిలుపవలెననియు, వానలకు ముందుగనే నవధాన్యములు చల్లవలెననియు బోధించిరి. నవధాన్యములన్న మాట మనకు క్రొత్తది కాదు. పెండ్లిపందిటిలో పాలికలయందు పోసి, మొలక చూచి సంతసించునవి అవియే. పాలికలోని మంగళమును పాదులోనికి తెచ్చుటయే యిచట జరిగినది.

తుదకు నా సలహా యిది. తోటయంతయు నొకేమారు మార్చవలదు. ఈ తొలకరికి ఒక వరుసలో పది చెట్లను ఎన్నుకొనుడు. వానికి పచ్చకోక కట్టుడు. ప్రక్క వరుసలో పది చెట్లను మీ పాతపద్ధతిలోనే యుంచుడు. రెండు వరుసలకును నీరు, ఎరువు సమానముగా ఇండు. ఒక నోటుబుక్కులో ప్రతి దింపునకును కాయల సంఖ్య, రాలిన పిందెలు, వేసవిలో వ్రేలాడిన కమ్మలు వ్రాసికొనుడు. కొబ్బరి గెల మొవ్వులో పుట్టిననాటినుండి కాయ దిగువరకు మూడేండ్లకు పైగా పట్టును గనుక, మొదటి యేడు కాయలో భేదము కనబడకపోయినచో నిరాశపడవలదు. ముందుగా మారునది మట్టి. శ్రావణమాసమున పాదులో వ్రేలు గ్రుచ్చి చూడుడు, పిడికెడు మట్టి తీసి వాసన చూడుడు, వానపాములను లెక్కింపుడు. రెండు వరుసలకును భేదము అచట మొదట తెలియును. ఆ లెక్క పుస్తకమును మీ పొరుగురైతునకు చూపుడు. తోటను గూర్చి మనము చేయు ప్రసంగములన్నిటికన్న అట్టి పుస్తకమొకటి ఊరికి ఎక్కువ మేలు చేయును.